బ్రాండు ర్యాంకు చూసి డీలర్‌షిప్ తీసుకోవచ్చా?

ప్రశ్న (కావలి, గృహోపకరణాల దుకాణం)

నమస్కారమండి. కావలి ట్రంకు రోడ్డు మీద మాకు ఫ్రిజ్‌లు, ఏసీలు, వాషింగ్ మెషీన్లు అమ్మే దుకాణం ఉంది. నాన్నగారు మొదలుపెట్టారు. ఇప్పుడు కొనుగోళ్లు, లెక్కలు నేను చూస్తున్నాను. కౌంటర్ దగ్గర మాత్రం ఇంకా ఆయనే కూర్చుంటారు.

ఈ మధ్య ఒక కంపెనీ ప్రతినిధి వచ్చారు. కంపెనీ పేరు ఇక్కడ రాయడం పద్ధతి కాదు. తమ ఏసీల డీలర్‌షిప్ తీసుకోమని, ఐదు లక్షలు డిపాజిట్ కట్టమని, ఎండలు ముదరకముందే మొదటి విడత సరుకు దించుకోమని అడిగారు. మార్జిన్ ఎంత, సర్వీసు ఎవరు చేస్తారు అనే మాటలు రాకముందే ఒక రంగుల పుస్తకం తెరిచారు. మొదటి పేజీలోనే పెద్ద అంకెల్లో వాళ్ల బ్రాండు విలువ, ప్రపంచ జాబితాలో వాళ్ల స్థానం, నిరుటికంటే పైకి ఎక్కినట్టు చూపే పచ్చ బాణం గుర్తు. "ఇంత విలువున్న పేరు మీ బోర్డు మీద ఉంటే ఇంకేం కావాలమ్మా" అన్నారు. నాన్నగారు కళ్లద్దాలు సవరించుకుని పేజీ అంతా చదివి, "ఈ డబ్బు ఏ బ్యాంకులో ఉంటుంది బాబూ?" అని అడిగారు. ఆయన జవాబు చెప్పలేకపోయారు. నాకూ తెలియలేదు.

ఆ రాత్రి కూర్చుని వెతికితే అయోమయం ఇంకా పెరిగింది. 2024లో యాపిల్ బ్రాండు విలువ బ్రాండ్ ఫైనాన్స్ అనే సంస్థ లెక్కలో 51,660 కోట్ల డాలర్లు. అదే ఏడాది ఇంటర్‌బ్రాండ్ లెక్కలో 48,890 కోట్ల డాలర్లు. కాంటార్ జాబితాలో అయితే లక్ష కోట్ల డాలర్లు దాటేసింది. పైగా ఒకరేమో నిరుటికంటే 74 శాతం పెరిగిందంటారు, ఇంకొకరు 3 శాతం తగ్గిందంటారు. కంపెనీ ఒకటే, ఏడాది ఒకటే.

ఈ విలువ ఎలా కడతారు? ఎందుకు పెరుగుతుంది, ఎందుకు పడిపోతుంది? మా వంటి దుకాణదారు ఐదు లక్షలు బయటికి తీసే ముందు దీన్ని లెక్కలోకి తీసుకోవాలా, పక్కన పెట్టాలా? తెలిసినవారు చెప్పగలరు.


జవాబు 1 (నెల్లూరు, సెల్‌ఫోన్ల దుకాణం)

అమ్మా, మీ నాన్నగారు అడగవలసిందే అడిగారు. నేను నెల్లూరు మద్రాసు బస్టాండు దగ్గర 2002 నుంచి సెల్‌ఫోన్లు అమ్ముతున్నాను. పేర్లు లేవడం, పడడం మా వ్యాపారంలో కనిపించినంత దగ్గరగా ఇంకెక్కడా కనిపించదని నా నమ్మకం. విలువ కట్టే పద్ధతులు చదువుకున్నవారు చెబుతారు. నేను నోకియా సంగతి చెబుతాను, ఎందుకంటే దాన్ని రెండు వైపుల నుంచీ చూశాను: కౌంటర్ వెనక నిలబడి, ఆ తర్వాత కంపెనీలవాళ్లు ఏటా తెచ్చి చూపే జాబితాల్లోనూ.

2003లో నోకియా 1100 వచ్చింది. ప్రపంచమంతా కలిపి 25 కోట్లకు పైగా అమ్ముడుపోయిన ఫోను. మన జిల్లాలో అది ఎందుకంతగా పోయిందో తెలియాలంటే అల్లూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల మీదికి రాత్రిపూట వెళ్లి ఉండాలి. ఫోను నెత్తిన చిన్న టార్చిలైటు ఉండేది. కాపలా మనిషి ఒక చేత్తో చెక్ ట్రే (మేత చూసుకునే పళ్లెం) పైకి లాగి, రెండో చేత్తో ఫోను లైటు వేసి మేత మిగిలిందా, రొయ్య తిన్నదా అని చూసుకునేవాడు. బటన్ల మీద రబ్బరు పొర అంతా ఒకే ముక్క, సందుల్లోకి దుమ్ము పోయేది కాదు. ఒకసారి ఛార్జింగ్ పెడితే రోజుల తరబడి నడిచేది. అలాంటి మనిషి దుకాణానికి వచ్చి "ఫోన్లు చూపించండి" అనేవాడు కాదు. "నోకియా ఇవ్వండి" అనేవాడు. పక్కన రెండు వందలు తక్కువకు ఇంకో ఫోను పెడితే చెయ్యి చాచి తీసుకునేవాడు కూడా కాదు. బ్రాండు విలువ అంటే నాకు తెలిసినది ఆ రెండు వందల రూపాయలేనమ్మా. దాన్ని కోట్ల మందితో, ఏళ్లతో గుణిస్తే మీ ప్రతినిధి చూపించిన అంకె వస్తుందేమో.

ఇక జాబితా చూడండి. 2007 జనవరిలో యాపిల్ ఐఫోన్ చూపించింది. 2008లో మొదటి ఆండ్రాయిడ్ ఫోను వచ్చింది. ఇంటర్‌బ్రాండ్ జాబితాలో నోకియా 2007లో ప్రపంచంలో ఐదోది, 2008లో ఐదోది, 2009లోనూ ఐదోదే. 2008లో విలువ పెరిగి 3,590 కోట్ల డాలర్లకు చేరింది కూడా. అంటే దాన్ని పడగొట్టబోయే సరుకు బజారులోకి వచ్చాక కూడా జాబితాలో దాని పీట కదల్లేదు.

నా కౌంటర్ దగ్గర మాత్రం అప్పటికే మాట మారుతోంది. గుంటల దగ్గర ఒక కంపెనీ సిగ్నల్ అందితే ఊళ్లో ఇంకో కంపెనీది అందేది. రైతుకు రెండు సిమ్ములు కావాలి, రెండు ఫోన్లు మోయడం ఇష్టం లేదు. "రెండు సిమ్ములు పట్టేది ఉందా?" అనే ప్రశ్న మొదలైంది. ఆ ప్రశ్నలో పేరు లేదు, గమనించండి. మైక్రోమాక్స్, కార్బన్ ఆ ఫోన్లు ముందే తెచ్చాయి, నోకియా ఆలస్యంగా తెచ్చింది. ఆ వెనకే డిగ్రీ కాలేజీ పిల్లలు "ఆండ్రాయిడ్ ఉందా?" అని అడగసాగారు. 2011 ఫిబ్రవరిలో నోకియా మైక్రోసాఫ్ట్‌తో కలిసి విండోస్ ఫోన్ల దారి పట్టింది. మా దగ్గరికి వచ్చే పిల్లలు అడిగేది అది కాదు.

అప్పుడు జాబితా కదిలింది. 2010లో 8, 2011లో 14, 2012లో 19. ఆ మరుసటి ఏడాది ఒక్కసారిగా 57, విలువ 740 కోట్ల డాలర్లు. 2014లో 98. 2015లో మొదటి వందలోనే లేదు. ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్‌కు అమ్ముతున్నట్టు 2013 సెప్టెంబరులో ప్రకటించారు. చెన్నై అవతల శ్రీపెరుంబుదూరులో 2006లో ఉత్పత్తి మొదలైన ఫ్యాక్టరీ 2014 నవంబరులో మూతపడింది. ఎందరి జీతాలు ఆ గేటు లోపల ఉండేవో తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఇందులో నేను మీకు వేలుపెట్టి చూపించాలనుకునేది 2012. ఆ ఏడాది ప్రపంచంలో పందొమ్మిదో బ్రాండు. రంగుల పుస్తకంలో అచ్చువేస్తే ఎంత ఘనంగా ఉంటుంది! ఆ అంకె చూసి గోడౌను నింపిన డీలరుకు ఏడాది తిరిగేసరికి ఆ పేరుతో అడిగేవాళ్లే కరువయ్యారు.

పైకి లేచేటప్పుడూ ఇదే తీరు. మన తడ అవతల శ్రీసిటీలో 2015లో షియోమీ ఫోన్లు తయారుకావడం మొదలైంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆడపిల్లలు బస్సుల్లో పనికి వెళ్లడం ఆ దారిన పోయే ఎవరికైనా కనిపిస్తుంది. 2017 చివరికల్లా ఆ కంపెనీ మన దేశంలో స్మార్ట్‌ఫోన్ల అమ్మకాల్లో ముందు వరుసకు వచ్చింది. ఇంటర్‌బ్రాండ్ మొదటి వందలో దాని పేరు కనిపించింది 2022లో, 84వ స్థానంలో. మధ్యలో గడిచిన ఆ కాలమంతా జనం మా కౌంటర్ల ముందు నిలబడి ఆ పేరు పలుకుతూనే ఉన్నారు.

కాబట్టి నాన్నగారు కూర్చునే చోటే మీ జాబితా తయారవుతుంది. ఒక పుస్తకం పెట్టి, వచ్చినవాళ్లు మీరు ఏమీ చెప్పకముందు ఏ పేరు పలికారో, ధర విన్నాక ఏ పేరుకు మారారో ఒక సీజన్ పాటు రాయించండి.


జవాబు 2 (నెల్లూరు, చార్టర్డ్ అకౌంటెంట్)

పై జవాబులో నోకియా గురించి చెప్పినదంతా సరైనదే. అయితే జాబితాలన్నీ ఎప్పుడూ ఆలస్యంగానే మేల్కొంటాయని అనుకోవద్దు. కొడాక్ 2008లోనే ఇంటర్‌బ్రాండ్ మొదటి వంద నుంచి తప్పిపోయింది. ఆ కంపెనీ దివాలా రక్షణ కోరింది 2012 జనవరిలో. అప్పుడు జాబితా చాలా ముందే చెప్పింది. ఫిల్ము రీళ్ల అమ్మకాలు తగ్గడం ఖాతాల్లో అప్పటికే కనిపిస్తోంది కనుక చెప్పగలిగింది. నోకియా ఖాతాలు 2008లో నిండుగా ఉన్నాయి కనుక చెప్పలేకపోయింది. ఈ లెక్కలన్నిటికీ ముడిసరుకు కంపెనీ ఖాతాలే. అందులోకి రానిది ఇందులోకీ రాదు.

ఇక విలువ కట్టే తీరు. మూడు సంస్థలవి మూడు దారులు. మీకు సులభంగా అర్థమయ్యేది బ్రాండ్ ఫైనాన్స్‌ది. ట్రంకు రోడ్డులో దుకాణం గది మీది కాకపోతే నెలనెలా అద్దె కట్టేవారు కదా. సొంతం కనుక ఆ అద్దె మిగులుతోంది. అలాగే ఆ పేరు కంపెనీది కాకపోయి ఉంటే దాన్ని వాడుకున్నందుకు ఎవరికో ఏటా రాయల్టీ కట్టవలసి వచ్చేది. అలా మిగిలిన రాయల్టీయే బ్రాండు సంపాదన అన్నమాట. ఉదాహరణకు ఒక పేరు మీద ఏటా 1,000 కోట్ల అమ్మకాలు ఉన్నాయనుకోండి. ఆ రంగంలో రాయల్టీ 4 శాతం అనుకుంటే 40 కోట్లు. పన్ను తీసేస్తారు. రాబోయే సంవత్సరాలకు అమ్మకాలు ఎలా పెరుగుతాయో అంచనా వేసి, ఆ మొత్తాలన్నిటినీ వడ్డీ తగ్గించి నేటి విలువకు తెస్తారు. ఆ మొత్తమే పుస్తకంలో అచ్చయ్యే అంకె. రాయల్టీ శాతాన్ని 4 నుంచి 5 చేస్తే విలువ నాలుగో వంతు పెరిగిపోతుంది. ఆ శాతాన్ని నిర్ణయించడంలో బ్రాండు బలానికి ఇచ్చే మార్కులది పెద్ద పాత్ర.

ఇంటర్‌బ్రాండ్ కంపెనీ లాభంలో పెట్టుబడికి పోగా మిగిలినది తీసుకుంటుంది. అందులో పేరు వల్ల వచ్చిన వాటా ఎంతో అంచనా కట్టి, ఆ పేరు ముందుముందు ఎంత నిలబడుతుందో మార్కులు వేస్తుంది. కాంటార్ లక్షల మంది వినియోగదారులను అడిగి, ఆ జవాబులను కంపెనీ ఆర్థిక విలువతో కలుపుతుంది. కొలబద్దలు మూడూ వేరైనప్పుడు యాపిల్‌కు మూడు అంకెలు రావడంలో వింత లేదు. అందుకే ఒక సంస్థ అంకెను ఇంకో సంస్థ అంకెతో ఎన్నడూ పోల్చకండి. మీ ప్రతినిధి చూపించిన పచ్చ బాణం నిరుటి ఏ జాబితా నుంచి ఈ ఏటి ఏ జాబితాకు గీశారో మొదట అడగండి.

విలువ మారడానికి కారణం బ్రాండే కానవసరం లేదు. కాంటార్ మొదటి వంద బ్రాండుల మొత్తం విలువ 2022లో 8.7 లక్షల కోట్ల డాలర్లు. 2023లో 6.9 లక్షల కోట్లకు పడింది. 2024లో మళ్లీ 8.3 లక్షల కోట్లు. ప్రపంచంలో జనానికి పేర్ల మీద నమ్మకం ఒకే ఏడాదిలో ఐదో వంతు పోయి, మరుసటి ఏడాది తిరిగి వచ్చిందంటే నేను ఒప్పుకోను. వడ్డీ రేట్లు పెరిగాయి, షేర్ల ధరలు పడ్డాయి, తర్వాత లేచాయి.

డాలరు సంగతి కూడా ఉంది. మన దేశంలోనే అమ్మే ఒక బ్రాండు విలువ 7,400 కోట్ల రూపాయలనుకోండి. డాలరు 74 రూపాయలున్నప్పుడు అది 100 కోట్ల డాలర్లు. డాలరు 82కు చేరితే, ఒక్క గిరాకీ కూడా తగ్గకుండానే, 90 కోట్ల డాలర్లకు దిగుతుంది. పత్రికలో "పది శాతం పతనం" అని వస్తుంది.

స్థానానికీ విలువకూ తేడా చూడడం ఇంకో ముఖ్యమైన పని. ఇంటర్‌బ్రాండ్ జాబితాలో కోకాకోలా 2000 నుంచి 2012 వరకు వరుసగా మొదటి స్థానంలో ఉంది. 2013లో యాపిల్, గూగుల్ దాటిపోయి అది మూడోదైంది. "కోకాకోలా కిరీటం పోయింది" అన్న ధోరణిలో వార్తలు వచ్చాయి. కాని ఆ ఏడాది దాని విలువ 7,780 కోట్ల డాలర్ల నుంచి 7,920 కోట్లకు పెరిగింది. పక్కవాళ్లు ఇంకా వేగంగా పెరిగారు, అంతే.

"ఈ డబ్బు ఏ బ్యాంకులో ఉంది" అన్నదానికి అకౌంటెంటుగా నా జవాబు: ఎక్కడా లేదు, కంపెనీ ఆస్తి అప్పుల పట్టీలో కూడా లేదు. మన అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 38 ప్రకారం కంపెనీ తానుగా పెంచుకున్న పేరును ఆస్తిగా రాయకూడదు. ఎవరి దగ్గరైనా కొంటేనే రాయవచ్చు. 1988లో నెస్లే బ్రిటన్‌లో కిట్‌కాట్ తయారుచేసే రౌన్‌ట్రీ కంపెనీని 250 కోట్ల పౌండ్లకు కొన్నప్పుడు, ఆ డబ్బులో చాలా భాగం పేర్ల కోసమే ఇచ్చారని లోకానికి అర్థమైంది. కొనేవాడు ఎదురుగా ఉన్నప్పుడే బ్రాండు విలువ డబ్బుగా మారుతుంది.

కొనేవాడు లేకపోతే ఏమవుతుందో మన దేశంలోనే చూశాం. కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ బాగా ఎగురుతున్న కాలంలో దాని పేరుకు నాలుగు వేల కోట్ల రూపాయలకు పైగా విలువ కట్టారు. ఆ పేరును తాకట్టుగా పెట్టుకుని బ్యాంకులు అప్పు ఇచ్చాయి. 2012 అక్టోబరులో విమానాలు ఆగిపోయాయి. 2016 ఏప్రిల్‌లో బ్యాంకులు ఆ పేరును, గుర్తులను 366.70 కోట్ల కనీస ధరకు వేలం పెడితే ఒక్కరూ పాట పాడలేదు. అవన్నీ ప్రజల డిపాజిట్లు తీసుకున్న బ్యాంకులు. నాకు దీని మీద ఇప్పటికీ కోపం తగ్గలేదు.


జవాబు 3 (ఒంగోలు, శీతల పానీయాల పంపిణీ)

ఒక చిన్న మాట. జాబితాలో లేనంత మాత్రాన పేరు చిన్నదని అనుకోకండి. ఇంటర్‌బ్రాండ్ వందలో చేరాలంటే అమ్మకాల్లో కనీసం 30 శాతం సొంత ప్రాంతం బయటి నుంచి రావాలనే నియమం ఉంది. థమ్స్ అప్ లాంటిది అందులోకి ఎలా వస్తుంది? 1977లో కోకాకోలా దేశం విడిచి వెళ్లిన ఏడాదే అది పుట్టింది. 1993లో తిరిగి వచ్చిన కోకాకోలా దాన్ని కొనేసింది. అయినా ఆ పేరు చెరిగిపోలేదు, 2021లో ఏడాది అమ్మకాలు వంద కోట్ల డాలర్లకు చేరాయి. ఏప్రిల్‌లో ఒంగోలు కర్నూలు రోడ్డు మీద మధ్యాహ్నం ఏ కొట్టు ముందైనా నిలబడి జనం ఏ పేరు అడుగుతున్నారో వినండి. ప్రపంచ జాబితా కంటే అది మనకు దగ్గర.


జవాబు 4 (చీమకుర్తి, గ్రానైటు వ్యాపారం)

అకౌంటెంటుగారు చెప్పిన రాయల్టీ లెక్క చదివాక మా రాయి గురించి రాయాలనిపించింది. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు నల్లటి రాయి. పాలిష్ పట్టిన పలకను ఎండలో కొంచెం వంచి చూస్తే లోపల బంగారు రంగు చుక్కలు మెరుస్తాయి. బ్రాంజైట్ అనే ఖనిజం వల్ల ఆ మెరుపు. చైనాలో, ఇటలీలో, అమెరికాలో రాయి కొనే ఏ వ్యాపారిని అడిగినా బ్లాక్ గెలాక్సీ అంటే చాలు, తెలుసుకుంటాడు. ఇంత పేరున్న సరుకు మన ప్రకాశం జిల్లాలో ఇంకొకటి ఉందనుకోను.

అయితే ఈ పేరు ఎవరిది? ఏ ఒక్కరిదీ కాదు. ఏ క్వారీవారైనా, ఏ ఎగుమతిదారైనా వాడుకోవచ్చు. వాడుకున్నందుకు ఎవరూ ఎవరికీ ఏమీ కట్టరు. అంటే ఆ పద్ధతిలో దాని బ్రాండు విలువ సున్నా. బ్లాకులుగా ఓడ ఎక్కిన రాయి అక్కడ పలకలుగా కోయబడి, పాలిష్ పట్టి, ఇంకొకరి కంపెనీ ముద్రతో అమ్ముడవుతుంది. విలువ కట్టేటప్పుడు ఆ కంపెనీ పేరుకు కడతారు. మన నెల్లూరు మొలగొలుకుల బియ్యానికి తరతరాలుగా ఎంత పేరు! అదీ ఏ జాబితాలోనూ లేదు. పేరు ఉండడం వేరు, ఆ పేరు మీద డబ్బు వసూలు చేసుకునే హక్కు ఒకరి చేతిలో ఉండడం వేరు. ఈ జాబితాలు కొలిచేది రెండోదాన్నే. అమ్మా, మీ ప్రతినిధి చూపించిన విలువ కూడా కంపెనీ చేతిలో ఉన్న హక్కు విలువే. అందులో డీలరు వాటా ఎంతో ఆ పుస్తకంలో ఎక్కడా రాసి ఉండదు.


ప్రశ్న వేసినవారు (కావలి)

అందరికీ కృతజ్ఞతలు. రాయల్టీ లెక్క నాన్నగారికి చదివి వినిపించాను. "అద్దె లెక్క అయితే అర్థమైంది" అన్నారు.

ఇంకో సందేహం. ఆ కంపెనీ ఏసీలు మాత్రమే కాదు, టీవీలు, ఫోన్లు, ఇంకా ఏవేవో చేస్తుంది. పుస్తకంలోని విలువ అన్నిటికీ కలిపినదా, ఏసీలకా? ప్రతినిధికి ఫోను చేస్తే "బ్రాండు అంటే మొత్తం బ్రాండే కదమ్మా" అన్నారు. నెల్లూరు అన్నగారూ, మీరైతే సంతకం పెట్టేముందు ఏమేమి అడుగుతారు?


జవాబు 5 (నెల్లూరు, చార్టర్డ్ అకౌంటెంట్)

మొత్తానికి కలిపినదే అయి ఉంటుంది. 2025లో బ్రాండ్ ఫైనాన్స్ టాటా గ్రూపు విలువను 3,160 కోట్ల డాలర్లుగా లెక్కగట్టింది. 3,000 కోట్లు దాటిన మొదటి భారతీయ బ్రాండు అదే. గర్వంగానే ఉంటుంది. కాని అందులో సాఫ్ట్‌వేర్ సేవల నుంచి ఉప్పు పొట్లం దాకా అన్నీ ఉన్నాయి. ఆ అంకెను బట్టి కావలిలో మే నెలలో ఎన్ని ఏసీలు పోతాయో ఎవరూ చెప్పలేరు. ఏసీల విభాగానికి మన దేశంలో, వీలైతే మన రాష్ట్రంలో గత మూడేళ్ల అమ్మకాలు అడగండి. పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా అన్నది దానిలోనే కనిపిస్తుంది.

జాబితాను పూర్తిగా పారేయమని నేను అనను. ఒకే సంస్థ లెక్కలో ఒక బ్రాండు మూడు నాలుగేళ్లు వరుసగా పడుతుంటే అది పట్టించుకోవలసిన విషయం. టెస్లా విలువ బ్రాండ్ ఫైనాన్స్ లెక్కలో 2023లో 6,620 కోట్ల డాలర్లు, 2024లో 5,830 కోట్లు, 2025లో 4,300 కోట్లు. ఇలాంటి వరుస దిగుడు కేవలం మారకపు రేటు వల్ల రాదు. మీ ప్రతినిధిని ఒక్క ఏడాది బాణం గుర్తు కాకుండా ఐదేళ్ల అంకెలు వరుసగా తెమ్మనండి.


జవాబు 6 (నెల్లూరు, సెల్‌ఫోన్ల దుకాణం)

అమ్మా, నేనైతే అడిగేవి ఇవి. మొదటిది, సర్వీసు. ఏసీ బిగించిన రెండో నెలలో గ్యాసు లీకైతే ఎవరు వస్తారు? కావలిలో వాళ్ల మనిషి ఉన్నాడా, నెల్లూరు నుంచి రావాలా, ఒంగోలు నుంచా? కొన్నవాడు కంపెనీ ఫోను నంబరుకు ఒకసారి చేస్తాడు, రెండోసారి నేరుగా నాన్నగారి కౌంటర్ ముందుకు వస్తాడు. చల్లదనం రాని ఇంట్లో చంటిబిడ్డ ఉంటే ఆ మనిషి కోపం ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. వీలైతే ఆ బ్రాండు ఇప్పటికే అమ్ముతున్న దుకాణానికి, కందుకూరులోనో గూడూరులోనో, జూన్ నెలలో వెళ్లి ఎన్ని ఫిర్యాదులు పెండింగులో ఉన్నాయో అడిగి రండి. సాటి దుకాణదారు దాచడు.

రెండోది, ధర తగ్గినప్పుడు తేడా ఎవరు భరిస్తారు? మీరు దించుకున్న సరుకు గోడౌనులో ఉండగానే కంపెనీ ధర తగ్గిస్తే ఆ తేడాకు క్రెడిట్ నోటు (మన ఖాతాకు జమ వేసినట్టు కాగితం) ఇస్తారా, ఎన్నాళ్లలో ఇస్తారు? స్కీము డబ్బులు కూడా అంతే. టార్గెట్ చేరాక ఏ నెలలో ఖాతాలో పడతాయో రాయించుకోండి. మా వ్యాపారంలో లాభమంతా ఆ క్రెడిట్ నోట్లలోనే ఉంటుంది, బిల్లు మీది మార్జిన్‌లో కాదు.

సీజన్ దాటాక మిగిలిన సరుకు వెనక్కి తీసుకుంటారా? వర్షాలు ముందే పడిన ఏడాది ఏసీ కంటే భారమైన వస్తువు గోడౌనులో ఇంకొకటి ఉండదు. ఆన్‌లైన్‌లో అదే మోడల్ మీ కొనుగోలు ధర కంటే తక్కువకు పెడతారా, లేక దుకాణాలకు వేరే మోడళ్లు ఇస్తారా? కావలిలోనే ఇంకో డీలరును ఎంత దూరంలో పెడతారు?

ఐదు లక్షల డిపాజిట్‌కు వడ్డీ ఎంత, డీలర్‌షిప్ వదులుకుంటే ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు అన్నది కూడా అడగండి. ఈ జవాబులన్నీ కంపెనీ లెటర్‌హెడ్ మీద, సంతకం, ముద్రతో తీసుకోండి. ప్రతినిధి ఫోనులో పంపే సందేశం సరిపోదు, వాళ్లకు బదిలీలు ఎక్కువ. కాగితం ఇవ్వడానికి వెనకాడితే ముందు డిపాజిట్ లేకుండా పది ఏసీలు ఇమ్మనండి, అవి ఎలా పోతాయో చూశాక మిగతా మాట.